గౌతమిలో, కాకినాడ బేలో రాత్రి పూట చిన్న బోటు ఎక్కడ ఆపుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఇరవై అడుగుల ఫైబర్ బోటు, 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, ముగ్గురు మనుషులు. జనవరిలో ధవళేశ్వరం నుంచి గోదావరి పాయ గౌతమి మీదుగా యానాం, అక్కడి నుంచి కాకినాడ. రెండు రాత్రులు బోటులోనే పడుకోవాలి. మొదటి రాత్రి బ్యారేజికి కాస్త పైన, రెండో రాత్రి హోప్ ఐలాండ్ పక్కన అనుకుంటున్నారు. ఈ చోట్లు సరిపోతాయా, లంగరు ఎంత బరువుండాలి అని.

రెండు చోట్లూ మార్చుకోండి. లంగరు సంగతి తర్వాత చెప్తాను, ముందు చోటు తేలాలి. సాయంత్రం నాలుగింటికి గౌతమి ఎక్కడ చూసినా బాగానే ఉంటుంది. నీళ్లు కదలవు, గాలి హాయిగా ఉంటుంది, ఏ కొబ్బరిచెట్టుకు కట్టేసినా చాలనిపిస్తుంది. మీరు చూసుకోవాల్సింది రాత్రి రెండింటికి అక్కడ ఏం జరుగుతుందన్నది. అప్పటికి పోటు (సముద్రపు నీరు ఎక్కడం) కాస్తా పాటు (నీరు తీయడం) అవుతుంది, బోటు తల ఇటు నుంచి అటు తిరుగుతుంది, సాయంత్రం సముద్రం మీద నుంచి వచ్చిన గాలి తెల్లవారుజాముకి నేల మీద నుంచి మొదలవుతుంది, వేటకు వెళ్లే బోట్లు కదులుతాయి. ఈ నాలుగూ జరిగినా మీరు నిద్ర లేవక్కర్లేని చోటే మంచి చోటు.

బ్యారేజికి పైన అనే మాట మాత్రం పూర్తిగా వదిలేయండి. ఏ బ్యారేజికైనా, ఏ కాలంలోనైనా ఇదే మాట. తాడు ఊడితే బోటు ఎటు పోతుందన్నది ఆపే ముందే వేసుకోవాల్సిన ప్రశ్న, అక్కడ దానికి జవాబు గేట్లు. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు విజయవాడ దగ్గర ఎగువన కట్టి ఉన్న పెద్ద బోట్లు తాళ్లు తెంచుకుని వచ్చి ప్రకాశం బ్యారేజి గేట్లను గుద్దాయి. గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువులు, కౌంటర్‌వెయిట్లు, విరిగాయి. ఆ బోట్లను అక్కడి నుంచి తీయడానికి ఇంజనీర్లు, డైవర్లు రోజుల తరబడి నానా తంటాలు పడ్డారు. అవి ఒక్కోటి టన్నుల బరువున్నవి, మీది చిన్నది, జనవరిలో వరదా ఉండదు, నిజమే. అయినా ఆ అలవాటు మంచిది కాదు. పైగా బ్యారేజి పైన పడుకుంటే పొద్దున్నే బోటును ట్రాలీ ఎక్కించి కిందకు తేవాలి. ఆ పని ఎలాగూ తప్పనప్పుడు మొదటి రాత్రి అక్కడ గడపడం దేనికి?

ఇంకో సంగతి. జనవరిలో నీళ్లన్నీ దాళ్వాకి (రబీ వరికి) కాలువల్లోకి వెళ్తాయి. బ్యారేజి గేట్లు దాదాపు మూసే ఉంటాయి. దిగువన జొన్నాడ వంతెన దాకా, ఆ తర్వాత కూడా కొంత దూరం, గౌతమి అంటే ఇసుక తిన్నెల మధ్య మడుగులు. మోటారు ఎత్తుకుంటూ, దిగి నెట్టుకుంటూ పోవాల్సి వస్తుంది. ఇసుక తవ్విన గోతులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. నడుం లోతు నీళ్లలో బోటు నెడుతున్న మనిషి ఒక్క అడుగులో మునిగిపోయేంత లోతు తగులుతుంది. కాబట్టి బోటును ట్రాలీ మీద కోటిపల్లి దాకా తెచ్చి అక్కడ దింపుకోండి. వేసవి తొలిరోజుల్లో కూడా సముద్రపు పోటు అక్కడిదాకా తెలుస్తుంది కాబట్టి నీళ్లు ఉంటాయి.

పోటు, పాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఇప్పటిదాకా రిజర్వాయర్లలోనే తిరిగామని రాశారు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటు నుంచి ఇంకో పోటుకు సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు, అంటే ఇవాళ సాయంత్రం ఆరింటికి నిండు పోటు అయితే రేపు ఇంచుమించు ఆరు ముప్పావు దాటి ఏడు కావస్తూ ఉంటుంది. కాకినాడ దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి ఎత్తులో తేడా మీటరు దాటి మీటరున్నర దాకా వెళ్తుంది. అష్టమి, నవమి ప్రాంతాల్లో అందులో సగం కూడా ఉండదు. నది లోపలికి వచ్చేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది, ఎత్తూ తగ్గుతుంది. ఫోన్‌లో కాకినాడకి చూపించే టైము కోటిపల్లికి పనికిరాదు. అక్కడి పంటు (మనుషుల్ని, బండ్లని నది దాటించే పెద్ద పడవ) వాళ్లను అడగండి. వాళ్ల పనే దాని మీద ఆధారపడి ఉంటుంది.

మీ ప్రయాణం తేదీ ఇంకా ఖాయం కాలేదు కదా, అయితే అష్టమి, నవమి చూసి పెట్టుకోండి. ఇళ్లలో ఆ రెండు తిథులకూ ప్రయాణం వద్దంటారు గానీ కొత్తగా పోటు నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి రోజులు లేవు. నీరు తక్కువ ఎక్కుతుంది, తక్కువ లాగుతుంది, పొరపాటు చేసినా కాస్త మన్నిస్తుంది. సంక్రాంతి మూడు రోజులు మాత్రం వద్దు. రేవుల్లో మిమ్మల్ని చూసుకునే మనిషి దొరకడు, అందరూ కోడిపందేల బరుల దగ్గరే ఉంటారు.

ఇక మొదటి రాత్రి. కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వైపు పంటు తిరుగుతుంది. పంటు ఆగే ర్యాంపుకు అటూ ఇటూ కట్టకండి, దాని దారిలో లంగరు వేయకండి. స్నానఘట్టం మెట్లకు కట్టడం కూడా అంతే. పొద్దున నాలుగింటి నుంచే సోమేశ్వరస్వామి గుడికి వచ్చే భక్తులు అక్కడ మునుగుతారు. మీ మోటారు, పెట్రోలు వాసన వాళ్లకు ఎందుకు? ఘాట్ దాటి కాస్త దిగువకు వెళ్తే చేపల పడవలు వరసగా ఒక చోట కనబడతాయి. ఆ పక్కన చోటు అడిగి కట్టుకోవచ్చు.

చేపల పడవలు ఉన్నచోటే ఆపమని అందరూ చెప్తారు. నూటికి తొంభై సార్లు సరైన మాటే. తరతరాలుగా అక్కడ ఆపుతున్నారంటే కోత లేని గట్టు, గాలి మాటు, పాటులో కూడా మిగిలే నీళ్లు అన్నీ చూసుకునే ఆపుతున్నారు. అయితే వాళ్ల పడవ అడుగు చదును, మీ ఫైబర్ బోటు అడుగు కోసుగా ఉంటుంది. పాటులో నీళ్లు పూర్తిగా లాగేస్తే వాళ్ల పడవ బురద మీద కదలకుండా కూర్చుంటుంది. మీది ఒక పక్కకు ఒరిగిపోతుంది, లోపల పడుకున్న ముగ్గురూ ఒకరి మీద ఒకరు దొర్లుతారు. మళ్లీ నీళ్లు వచ్చేటప్పుడు ఒరిగిన వైపు అంచు పైకి లేవకముందే నీరు లోపలికి వస్తే ఇంక చెప్పక్కర్లేదు. అందుకని వాళ్లను అడగాల్సిన ప్రశ్న 'ఇక్కడ కట్టొచ్చా' అని కాదు, 'పాటుకి ఇక్కడ ఎంత నీళ్లు మిగుల్తాయి' అని. మోకాలి లోతు అంటే ఇంకాస్త లోపలికి వెళ్లి లంగరు వేసుకోండి.

వాళ్ల పడవ పక్కనే ఆనించి కట్టాల్సి వస్తే ముందు అడగాలి. మధ్యలో టైర్లు వేయాలి. గట్టుకు దిగాలంటే వాళ్ల పడవ ముందు భాగం మీదుగా దాటాలి, వలలు తొక్కకూడదు. ముఖ్యంగా వాళ్లు ఎన్నింటికి బయల్దేరతారో కనుక్కోండి. తెల్లవారుజామున మూడింటికి అయితే వాళ్లకు బయటి వైపు మీరు ఉండకూడదు. ఉంటే మిమ్మల్ని లేపరు, మీ తాడు విప్పేసి నెట్టేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

కోటిపల్లికి, యానానికి మధ్య ఎక్కడైనా లంక పక్కన ఆగాలనిపిస్తే గట్టును చూసి ఎంచుకోండి. నది వంపు తిరిగే చోట బయటి గట్టు నిట్టనిలువుగా, దగ్గరే లోతుగా ఉంటుంది. కట్టుకోవడానికి చెట్లు కూడా ఉంటాయి. చూడగానే నచ్చేది అదే. కానీ కోత పడేదీ అక్కడే. వేళ్లు గాలిలో వేలాడుతున్న కొబ్బరిచెట్లు, కొత్తగా విరిగిన మట్టి అంచు కనబడితే ఆ కింద పడుకోకండి. చెట్టుకు తాడు కట్టారంటే ఆ చెట్టును మీ బోటు మీద పడమని పిలుస్తున్నట్టే. లోపలి గట్టు పక్క ఇసుక మేట వేస్తుంది, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి కానీ పలచన. నాకు నచ్చేది లంక దిగువ కొస. అక్కడ ఒరవడి రెండుగా చీలి, వెనక కొంత నిలకడ నీరు ఉంటుంది. తిన్నె తోక ఎంత దూరం సాగిందో గెడ గుచ్చి చూసుకుని దానికి ఒక పక్కగా వేసుకోవాలి.

ఇప్పుడు లంగరు. మీ బోటుకు ఆరేడు కిలోలది చాలు, బరువు కంటే రకం ముఖ్యం. మన రేవుల్లో వెల్డింగు షాపులవాళ్లు చేసిచ్చే నాలుగు కొక్కేల లంగరు రాళ్లలో, తుక్కులో బాగా పడుతుంది. గౌతమి దిగువన, కాకినాడ బేలో ఉన్నది మెత్తటి బురద. అందులో ఆ సన్నటి కొక్కేలు వెన్నలో ఫోర్కులా జారిపోతాయి. రెండు వెడల్పాటి రేకులు మడత మీద తిరిగే లంగరు ఉంటుంది చూడండి, డాన్‌ఫోర్త్ రకం అంటారు, అది కొనండి. దానికి నాలుగైదు మీటర్ల ఇనుప గొలుసు, ఆపైన 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 50 మీటర్లు. గొలుసు ఎందుకంటే అది అడుగున పడుకుని ఉండి లాగుడు అడ్డంగా వచ్చేలా చేస్తుంది. లంగరును పైకి లాగితే ఊడుతుంది, అడ్డంగా లాగితే ఇంకా దిగుతుంది. షాపులో చవగ్గా వచ్చే నీలం, పచ్చ ప్లాస్టిక్ తాళ్లు లంగరుకు వద్దు. అవి నీటి మీద తేలతాయి. రాత్రి పోటు మారి బోటు తిరిగినప్పుడు తేలే తాడే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

తాడు ఎంత వదలాలి? లోతుకు ఐదు రెట్లు కనీసం, రాత్రంతా అయితే ఏడు. ఇక్కడ లోతు అంటే వేసేటప్పటి లోతు కాదు, నిండు పోటుకు ఉండే లోతు, దానికి నీటి నుంచి మీ బోటు ముక్కు దాకా ఉన్న ఎత్తు కూడా కలపాలి. సాయంత్రం పాటులో వేశారు, గెడకు రెండు మీటర్లు తగిలింది అనుకోండి. పోటుకు ఇంకో మీటరున్నర ఎక్కుతుంది, ముక్కు అర మీటరు. మొత్తం నాలుగు. ఏడు రెట్లంటే 28 మీటర్లు. రెండు మీటర్లే కదా అని పది మీటర్లు వదిలి పడుకునేవాళ్లే అర్ధరాత్రి కొట్టుకుపోతారు. తాడుకు ప్రతి ఐదు మీటర్లకూ ఒక రంగు గుడ్డపీలిక కట్టి పెట్టుకుంటే చీకట్లో కూడా చేత్తో లెక్కపెట్టుకోవచ్చు.

వేసే పద్ధతి. నీటి ఒరవడికి గానీ గాలికి గానీ, రెండింట్లో ఏది బలంగా ఉంటే దానికి, ఎదురుగా ముక్కు పెట్టి మెల్లగా వెళ్లండి. బోటు పూర్తిగా ఆగాక లంగరును చేత్తో దించండి, విసరొద్దు. విసిరితే గొలుసు లంగరు మీదే కుప్పగా పడి రేకులకు చుట్టుకుంటుంది. అడుగు తగిలాక బోటును వెనక్కి కొట్టుకుపోనిస్తూ తాడు వదలాలి. సగం వదిలాక ఒకసారి పట్టి ఆపితే లంగరు కరుచుకుంటుంది. మొత్తం వదిలి ముందు కొయ్యకు కట్టాక మోటారును రివర్సులో నెమ్మదిగా నడిపి, ఒకరు ముందు కూర్చుని తాడును వేళ్ల మధ్య పట్టుకోవాలి. లంగరు పట్టి ఉంటే తాడు బిగుసుకుని స్థిరంగా ఉంటుంది. జారుతుంటే తాడులో సన్నటి గరగర చేతికి తెలుస్తుంది, కాసేపు బిగుసుకుని మళ్లీ వదులవుతుంది. ఒక్కసారి తెలుసుకుంటే మర్చిపోరు. జారితే ఎత్తేసి మళ్లీ మొదటి నుంచి వేయాలి, ఇంకాస్త తాడు వదిలి సరిపెట్టుకుందామనుకోవద్దు.

అడుగున బురదో ఇసుకో తెలియాలంటే సన్నతాడుకు ఇనుప గుండు కట్టి దాని అడుగున బట్టల సబ్బు మెత్తి దించండి. అడుగున ఉన్నది దానికి అంటుకుని వస్తుంది.

పట్టిందనుకున్నాక గట్టు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి. సెల్ టవర్ ఎర్రలైటు, దాని ముందు వంతెన లైటు, ఇలా చీకట్లోనూ కనబడేవి. అవి ఒకే వరుసలో ఉన్నంతసేపూ మీరు ఉన్నచోటే ఉన్నారు. ఫోన్‌లో లంగరు అలారం యాప్‌లు ఉన్నాయి, పెట్టుకోండి, కానీ మొదటి పోటు మార్పు సమయానికి ఒక మనిషి మేలుకోవాలి. బోటు వెనక్కి తిరిగినప్పుడు లంగరు మీద లాగుడు ఎదురు దిక్కుకు మారుతుంది. అది ఊడి మళ్లీ కరుచుకునేది ఆ పావుగంటలోనే. తిరిగి స్థిరపడ్డాక పడుకోవచ్చు.

యానాం దగ్గర నది బాగా వెడల్పు. రాజీవ్ బీచ్ వైపు రోడ్డు, లైట్లు, హోటళ్లు అన్నీ ఉంటాయి. ఎదుర్లంక వంతెనకు ఎగువ, దిగువల్లో స్తంభాల దగ్గర సుడులు ఉంటాయి కాబట్టి వాటికి దూరంగా ఉండండి, స్తంభాలకు కట్టడం అసలు వద్దు. యానాం పుదుచ్చేరి కిందకు వస్తుంది కనుక పోలీసులూ వేరే. కట్టుకునే ముందు అక్కడి స్టేషన్‌లో ఒక మాట చెప్పండి. గోడకు గానీ జెట్టీకి గానీ కట్టేటప్పుడు తాడును బిగించి కట్టకండి. మీటరు నీళ్లు లాగితే బిగించిన బోటు తాడుకు వేలాడుతుంది. ముందు నుంచి, వెనక నుంచి తాళ్లను ఏటవాలుగా దూరంగా తీసుకెళ్లి కట్టాలి. నీటి తేడాకు కనీసం మూడు నాలుగు రెట్ల పొడవుంటే బోటు తనంతట తాను ఎక్కి దిగుతుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం పోటులో ఉంది. జెట్టీ దూలం కిందకు బోటు అంచు దూరి ఉండగా నీళ్లు ఎక్కితే బోటు పైకి లేవలేదు, మునుగుతుంది. దూలాలున్న జెట్టీ కంటే నున్నటి గోడ నయం, గోడ కంటే లంగరు నయం. నా లెక్క ఇదీ.

యానాం దాటాక మీకు రెండు దారులు. ఒకటి కోరంగి పాయ, తాళ్లరేవు పక్కనుంచి మడ అడవుల గుండా కాకినాడ బేలోకి వెళ్తుంది. ఇంకోటి గౌతమి వెంట భైరవపాలెం వైపు వెళ్లి, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రం మీదుగా. మొగ దగ్గర ఇసుక ఏటేటా జరుగుతూ ఉంటుంది, పాటు నీళ్లు బయటకు వస్తుంటే సముద్రం గాలి ఎదురైతే పొట్టి నిట్టనిలువు అలలు లేస్తాయి. దారి తెలిసిన స్థానిక సరంగు (బోటు నడిపేవాడు) లేకుండా అటు వద్దు. కోరంగి పాయే మీకు సరి.

అయితే ఆ పాయల్లో రాత్రి ఆగకూడదు. అది కోరింగ అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లకు పైనే. లోపలికి వెళ్లడానికే అటవీ శాఖ అనుమతి కావాలి, పడుకోవడం సంగతి సరేసరి. అనుమతి దొరికినా నేనైతే వద్దంటాను. సన్నటి పాయల్లో లంగరు మీద బోటు గుండ్రంగా తిరగడానికి చోటు చాలదు. వలకట్ల గుంజలు పోటులో మునిగి కనబడవు. తిల్ల చెట్టు కొమ్మలకు కడదామనుకుంటారేమో, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. దోమల సంగతి వేరే చెప్పాలా? ఏదైనా కారణంతో పాయలో కాసేపు ఆగాల్సి వస్తే స్థానికులు చేసేది చేయండి. ముందూ వెనకా రెండు గెడలు బురదలో నిలువుగా దించి, తాడును గెడకు ముడివేయకుండా వదులు చుట్టుగా వేస్తారు. నీళ్లు ఎక్కేకొద్దీ ఆ చుట్టు గెడ మీద పైకి జారుతుంది, దిగేకొద్దీ కిందకు. బోటు అటూ ఇటూ తిరగదు.

హోప్ ఐలాండ్ మీద మీకు మోజు ఎందుకో అర్థమైంది. పదహారు కిలోమీటర్ల ఇసుక దిబ్బ, తూర్పున సముద్రాన్ని ఆపి కాకినాడను కాస్తుంది. దాని లోపలి పక్క జనవరి ఈశాన్య గాలికి మంచి మాటే. కానీ జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గట్టు మీద మనుషులు, లైట్లు ఉండకూడదు. దాన్ని పక్కన పెట్టినా, తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి తిరిగితే మీ బోటు దిబ్బ మీదకే వాలుతుంది. బే దక్షిణ భాగం అంతా పలచన, పాటుకి బురద తేలిన చోట మళ్లీ పోటు వచ్చేదాకా ఇరుక్కుంటారు. అమావాస్య నిండు పోటు మీద ఎక్కడైనా మెరక ఎక్కిందంటే, తర్వాతి రోజుల పోట్లు ఒకదాని కంటే ఒకటి తక్కువే కాబట్టి, మళ్లీ పౌర్ణమి దాకా బోటు అక్కడే. పగలు అనుమతితో వెళ్లి చూసి వచ్చేయండి.

రెండో రాత్రి కాకినాడలోనే గడపండి. జగన్నాథపురం వైపు కాలువలో చేపల బోట్లు, సరుకు బార్జీలు కిక్కిరిసి ఉంటాయి. వాసన ఉంటుంది, ఎలుకలు తాళ్ల మీదుగా వచ్చేస్తాయి, అయినా ఈ తీరంలో అంత కదలిక లేని నీరు తక్కువ. ముందే ఒక బోటు యజమానితో మాట్లాడుకుని అతని పక్కన కట్టుకుంటే కాపలా కూడా అతని మనిషే. కుంభాభిషేకం దగ్గర ఫిషింగ్ హార్బర్ కూడా ఉంది, అక్కడ ఆఫీసులో అడిగే కట్టాలి. యాంకరేజి పోర్టులో దూరంగా ఆగిన ఓడలకు సరుకు మోసే బార్జీలు రాత్రిళ్లు కూడా తిరుగుతాయి. ఆ దారిలో, డీప్‌వాటర్ పోర్టు ఛానల్‌లో లంగరు వేయడం ప్రాణాలతో చెలగాటం. బార్జీ వాడికి ఇరవై అడుగుల తెల్లబోటు చీకట్లో కనబడదు.

లైటు సంగతి అందుకే. లంగరు మీద ఉన్న బోటు నలువైపులా కనబడే ఒక తెల్ల లైటు వెలిగించాలని అంతర్జాతీయ నిబంధన. ఏడు మీటర్ల లోపు బోట్లకు కొంత మినహాయింపు ఉంది కానీ ఛానళ్లు, ఇరుకు దారులు, ఇతర ఓడలు ఆగే చోట్ల దగ్గర అది వర్తించదు. మీది ఆరు మీటర్లే అయినా గౌతమి దిగువన ఎక్కడ ఆగినా వెలిగించి ఉంచండి. కర్రకు కట్టిన ఎల్ఈడీ లైటు, దానికి వేరే బ్యాటరీ. మోటారు స్టార్ట్ చేసే బ్యాటరీకి కలిపితే పొద్దున్నకి రెండూ పోతాయి.

తెలియని బోటు రాత్రి పూట తీరంలో ఆగితే మెరైన్ పోలీసులు వచ్చి అడుగుతారు. 2008 ముంబై దాడుల తర్వాత అది మామూలే. టెన్షన్ పడక్కర్లేదు. బోటు కాగితాలు, ముగ్గురి ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, వెళ్లే ముందు స్టేషన్లో చెప్పండి. మెరైన్ పోలీసుల నంబరు 1093, కోస్ట్ గార్డ్‌ది 1554. లైఫ్‌జాకెట్లు పడుకునేటప్పుడు కూడా చేతికి అందేలా ఉండాలి. తడిసి బిగిసిన ముడి విప్పలేరు కాబట్టి లంగరు తాడు పక్కనే ఒక కత్తి. టార్పాలిన్ మూసేసి లోపల దోమల చుట్ట వెలిగించేవాళ్లను చూశాను, పక్కనే పెట్రోలు ట్యాంకు! దోమతెర కట్టుకోండి.

జనవరిలో పొద్దు ఐదు ముప్పావుకల్లా కుంకుతుంది. ఎంచుకున్న చోటికి మూడున్నర, నాలుగుకల్లా చేరితే అది నచ్చకపోయినా ఇంకో చోటికి వెళ్లే వ్యవధి ఉంటుంది. పొద్దున మాత్రం తొందర పడకండి. కోనసీమలో ఆ రోజుల్లో పొగమంచు ఎనిమిదింటి దాకా విడవదు, పంటు కూడా ఆగిపోతుంది.

జనవరి కాకపోతే ఈ లెక్కలు మారతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. అప్పుడు గౌతమిలో దిగే మాటే లేదు, లంకలే మునుగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. కాకినాడ పోర్టులో మూడో నంబరు వాతావరణ హెచ్చరిక సూచిక ఎగరేశారంటే బోటు నీళ్లలో ఉండకూడదు, ట్రాలీ ఎక్కాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ ప్రతి రేవులోనూ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, కొత్తవాళ్లకు తాడు కట్టే కొయ్య కూడా దొరకదు.

గౌతమి బదులు గోదావరి ఇంకో పాయ వసిష్ఠ వైపు మనసు మారితే దిండి దగ్గర మొదటి రాత్రి, నరసాపురంలో రెండోది పెట్టుకోండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య కూడా పంటు తిరుగుతుంది, అక్కడా అదే జాగ్రత్త. అంతర్వేది పల్లిపాలెంలో చేపల రేవు ఉంది కానీ మొగకు మరీ దగ్గర, పాటులో ఒరవడి గట్టిగా లాగుతుంది. చీకటి పడ్డాక అక్కడికి చేరేలా ప్లాన్ వేసుకోకండి. తేదీలు ఖాయమయ్యాక ఆ రోజు తిథి రాయండి, కోటిపల్లిలో ఏ వేళకు పాటు ఉంటుందో సుమారుగా చెప్తాను.